విశాఖ తేమలో ప్లాస్టిక్ విమాన నమూనాకు ఏ ప్రైమర్ వాడాలి, అది మన దగ్గర ఎక్కడ దొరుకుతుంది?

సాగరతీరం (విశాఖపట్నం)

అందరికీ నమస్కారం. మూడేళ్లుగా ప్లాస్టిక్ కిట్లతో విమానాల నమూనాలు తయారు చేస్తున్నాను. ఇంతవరకు చేసినవన్నీ కుంచెతో రంగు వేసినవే కాబట్టి ప్రైమర్ (అసలు రంగుకు ముందు వేసే అడుగు పూత) గురించి గట్టిగా ఆలోచించవలసిన అవసరం రాలేదు. ఇప్పుడు చేతిలో ఉన్నది 1/72 కొలత (అసలు విమానంలో 72వ వంతు) మిగ్-21. మా నాన్నగారు హైదరాబాదు బాలానగర్‌లోని హెచ్‌ఏఎల్ (హిందూస్థాన్ ఏరోనాటిక్స్)లో ముప్ఫై ఏళ్లు పనిచేశారు. 1965లో ఆ విభాగం మొదలైందే మిగ్-21 విమానాలకు కావలసిన ఎలక్ట్రానిక్ పరికరాలు తయారు చేయడానికి. 1963లో మన వాయుసేనలో చేరిన ఆ విమానం 2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో చివరి వీడ్కోలు తీసుకున్న రోజున ఆయన టీవీ ముందు నుంచి లేవలేదు. అందుకే ఈ నమూనాను ఏ లోపమూ లేకుండా పూర్తిచేసి ఆయన చేతికి ఇవ్వాలని ఉంది. దీనికోసమే 0.3 మి.మీ. నాజిల్ ఉన్న ఎయిర్‌బ్రష్ (గాలి ఒత్తిడితో రంగును సన్నగా చిమ్మే పరికరం), చిన్న కంప్రెసరు కూడా కొన్నాను.

అసలు విమానం జోలికి వెళ్లే ముందు రెండు పాత కిట్ల మీద ప్రయోగం చేశాను. రెండూ చెడిపోయాయి. మొదటిసారి మా వీధిలోని హార్డ్‌వేర్ దుకాణంలో దొరికిన బూడిదరంగు ప్రైమర్ స్ప్రే డబ్బా తెచ్చి, వర్షం వెలిసిన ఒక మధ్యాహ్నం బాల్కనీలో కొట్టాను. ఆరిన తరువాత చూస్తే పైభాగమంతా ఇసుక చల్లినట్టు గరుకుగా ఉంది, అక్కడక్కడ తెల్లటి మచ్చలు తేలాయి, తోక అంచు సన్నగా ఉన్నచోట ప్లాస్టిక్ మెత్తబడి వంకర తిరిగింది. రెండోసారి నీటితో పనిచేసే ప్రైమర్ సీసా ఒకటి తెప్పించాను. చిక్కగా ఉందనిపించి ఇంట్లో ఉన్న ఐసోప్రొపైల్ ఆల్కహాలు కొంచెం కలిపితే కప్పులోనే పెరుగు విరిగినట్టు విరిగిపోయింది. దాన్ని పారబోసి, ఏమీ కలపకుండా మళ్లీ కొట్టాను. చూడడానికి బాగానే ఉంది, కానీ గంటన్నర తరువాత, రంగు పడకూడని చోట అంటించే మాస్కింగ్ టేపు వేసి తీసేసరికి టేపుతో పాటు ప్రైమర్ కూడా పొరలాగా లేచివచ్చింది.

నేను చేయదలచుకున్నది ఎఫ్‌ఎల్ రకం మిగ్, అదీ రంగు వేయని అల్యూమినియం మెరుపుతో. దీనికి ల్యాకర్ రకం (ఘాటైన ద్రావకంతో త్వరగా ఆరే) ప్రైమర్ మేలా, నీటి రకం మేలా? మంచిదని అందరూ చెప్పే సరుకు ఇక్కడ ఎలా సంపాదించాలి? మాది మూడో అంతస్తులోని ఫ్లాటు, బాల్కనీని ఆనుకునే వంటగది ఉంది, ఇంట్లో ఆరేళ్ల పాప ఉంది. ఈ సంగతులు కూడా దృష్టిలో పెట్టుకొని చెప్పగలరని కోరుతున్నాను.

రెక్కలు72 (హైదరాబాదు)

సాగరతీరం గారూ, మీరు పడిన ఇబ్బందులన్నీ నేనూ పడినవే. ముందుగా ఆ రెండు ప్రయోగాలు ఎందుకు చెడ్డాయో చూద్దాం, ఎందుకంటే కారణం తెలియకుండా డబ్బా మార్చితే అదే తప్పు కొత్త డబ్బాతో జరుగుతుంది.

ఇసుకలా గరుకుతేలడానికి కారణం, ప్రైమర్ బిందువులు ప్లాస్టిక్‌ను చేరకముందే గాలిలో సగం ఆరిపోవడం. డబ్బాను మరీ దూరంగా పట్టుకున్నా, గాలి వీచే చోట కొట్టినా ఇలాగే అవుతుంది. సముద్రపు గాలి తగిలే బాల్కనీలో మధ్యాహ్నం పూట ఇది మరీ ఎక్కువ. స్ప్రే డబ్బాను సుమారు 20 నుంచి 25 సెంటీమీటర్ల దూరంలో ఉంచి, వస్తువు అంచుకు బయటే నొక్కడం మొదలుపెట్టి, అవతలి అంచు దాటిన తరువాతే వదలాలి. తెల్లటి మచ్చలకు కారణం తేమ. ప్రైమర్‌లోని ద్రావకం వేగంగా ఆవిరయ్యేటప్పుడు పూత చల్లబడుతుంది, ఆ చల్లదనానికి గాలిలోని తేమ దానిమీద సన్నని మంచులా దిగి లోపలే చిక్కుకుంటుంది. వానాకాలపు విశాఖలో ఇది జరగకపోతేనే ఆశ్చర్యపడాలి. ఇక తోక మెత్తబడడం ఆ డబ్బాలోని ద్రావకం పని. మన కిట్లు పాలీస్టైరీన్‌తో చేసినవి. ఇనుప గేట్లకూ మోటారు వాహనాలకూ తయారైన స్ప్రేలలో వాడే ద్రావకాలు ఆ ప్లాస్టిక్‌ను కరిగించగలవు. ఒక్కసారే తడిసేలా కొట్టినప్పుడు సన్నని అంచులకు ఎక్కువ నష్టం జరుగుతుంది.

రెండో ప్రయోగంలో తప్పు ప్రైమర్‌ది కాదు. నీటితో పనిచేసే ప్రైమర్లలో చాలావరకు యాక్రిలిక్ పాలీయురెథేన్ రకానివి, స్పెయిన్ దేశపు వాయెహో వారి సర్ఫేస్ ప్రైమర్ ఇందుకు ఉదాహరణ. వీటిలో ఆల్కహాలు కలిపితే మీరు చూసినట్టే గడ్డకట్టిపోతాయి. పలుచన చేయాలనుకుంటే అదే సంస్థ అమ్మే థిన్నరే కలపాలి. అంతకంటే ముఖ్యమైన సంగతి, ఇవి ముట్టుకుంటే ఆరినట్టే ఉంటాయి కానీ లోపల గట్టిపడడానికి కనీసం 24 గంటలు పడుతుంది, తేమ రోజుల్లో నేను 48 గంటలు వదిలేస్తాను. ఈ రకం ప్రైమర్ ప్లాస్టిక్‌లోకి దిగదు, దానిపైన ఒక తొడుగులా కూర్చుంటుంది. అందుకే పట్టు తక్కువ. ఎమిరీ పేపరుతో రుద్దినా పొడిగా రాలకుండా రబ్బరులా చుట్టుకొని చినుగుతుంది. కిట్టును గిన్నెలు తోమే సబ్బు నీటితో కడగకుండా, ఆరబెట్టకుండా కొడితే ఉన్న కాస్త పట్టు కూడా పోతుంది. అచ్చుల నుంచి ప్లాస్టిక్ సులువుగా ఊడిరావడానికి వాడే జిడ్డు, మన వేళ్ల నూనె, రెండూ భాగాల మీద ఉంటాయి. టేపు వేసే ముందు దాన్ని ఒకటి రెండుసార్లు అరచేతికి అంటించి తీస్తే జిగురు కొంత తగ్గుతుంది.

ఇక మీ అసలు ప్రశ్న. లోహపు మెరుపు కావాలన్నారు కాబట్టి నా సలహా సూటిగానే ఉంటుంది: ల్యాకర్ రకం వాడండి. జపాను వారి మిస్టర్ సర్ఫేసర్ గానీ, టామియా వారి సర్ఫేస్ ప్రైమర్ గానీ ఈ పనికి నిలబడతాయి. వీటిలోని ద్రావకం ప్లాస్టిక్ పైపొరను అతి కొద్దిగా తడిపి పట్టుకుంటుంది, అంచులను కరిగించేంత బలంగా ఉండదు. మిస్టర్ సర్ఫేసర్ సీసాల మీద 500, 1000, 1200, 1500 అని అంకెలు ఉంటాయి. ఎమిరీ పేపరు అంకెల్లాగే ఇక్కడ కూడా అంకె పెరిగే కొద్దీ పూత సన్నబడుతుంది. 500 రకం అతుకుల దగ్గరి గీతలు పూడ్చడానికి కుంచెతో రాసుకునేది, దాదాపు లప్పం లాంటిది. మీ 1/72 విమానానికి 1200 గానీ 1500 గానీ చాలు. 1000 పెట్టినా ప్రాణం పోదు, కానీ ఈ చిన్న కొలతలో ప్యానెల్ గీతలు (విమానం రేకుల అతుకులను చూపే గీతలు) వెంట్రుకంత సన్నగా ఉంటాయి కాబట్టి వాటిని కాపాడుకోవడం మంచిది.

సీసాలోని ప్రైమర్‌ను ఉన్నది ఉన్నట్టు ఎయిర్‌బ్రష్‌లో పోయకూడదు. ఒక వంతు ప్రైమర్‌కు ఒకటిన్నర నుంచి రెండు వంతులు థిన్నర్ కలిపి, పాలంత పలుచగా చేసుకొని, 15 నుంచి 20 పీఎస్ఐ ఒత్తిడితో కొట్టండి. థిన్నర్ విషయంలో తీరప్రాంతం వారికి నేను ప్రత్యేకంగా చెప్పేది ఒకటుంది: మిస్టర్ లెవెలింగ్ థిన్నర్ లాంటి నెమ్మదిగా ఆరే రకాన్నే కొనండి. అందులో రిటార్డర్ కలిసి ఉంటుంది. పూత నిదానంగా ఆరుతుంది, అంతగా చల్లబడదు, తేమ లోపల చిక్కుకునే అవకాశం తగ్గుతుంది, బిందువులు ఒకదానిలో ఒకటి కలిసి నున్నగా సర్దుకునే సమయం కూడా దొరుకుతుంది. మీరు చెప్పిన గరుకు, మచ్చలు, ఈ రెండింటికీ ఒకే మందు ఇదే.

దొరకడం గురించి. మన దేశంలో స్ప్రే డబ్బాల కోసం వెతకడం మానేసి సీసాల కోసం వెతకండి. ఒత్తిడితో నిండిన డబ్బాలు ప్రమాదకర సరుకు కిందికి వస్తాయి కాబట్టి మామూలు పార్సిల్ లాగా విమానంలో పంపరు, రోడ్డు మార్గంలోనే రావాలి. అందువల్ల అవి మన హాబీ దుకాణాల్లో ఒక నెల కనిపించి నాలుగు నెలలు మాయమవుతాయి. సీసాలూ మండే సరుకే అయినా, నా అనుభవంలో ఇంతకంటే నిలకడగా దొరుకుతున్నాయి. పెద్ద నగరాల హాబీ దుకాణాల్లో చాలావరకు ఆన్‌లైన్‌లో ఆర్డరు తీసుకుంటాయి. కొనే ముందు ఫోను చేసి సరుకు నిజంగా చేతిలో ఉందో, విదేశం నుంచి తెప్పించి ఇస్తారో అడగడం అవసరం. 40 మి.లీ. సీసా ఒకటి, పెద్ద థిన్నర్ సీసా ఒకటి తీసుకుంటే మీ కొలతలో చాలా విమానాలకు సరిపోతుంది.

పాప గురించి రాశారు కాబట్టి ఇది కూడా చెప్పాలి. మామూలు గుడ్డ మాస్కు గానీ ఎన్95 గానీ ద్రావకపు ఆవిరిని ఆపవు. సేంద్రియ ఆవిరిని పీల్చుకునే కార్ట్రిడ్జ్ ఉన్న మాస్కే పెట్టుకోవాలి. కొట్టేటప్పుడు వంటగది తలుపు మూసి స్టవ్ ఆర్పండి, దేవుడి దగ్గర దీపం వెలుగుతుంటే అది కొండెక్కిన తరువాతే మొదలుపెట్టండి. ల్యాకర్ ఆవిరి ఎంత త్వరగా అంటుకుంటుందో చాలామందికి తెలియదు. కొట్టిన భాగాలను కూడా వాసన పూర్తిగా పోయేవరకు పాప పడుకునే గదిలోకి తీసుకురావద్దు. నీటి రకం ప్రైమర్‌కు మంట భయం లేకపోయినా ఆ పొగమంచు పీల్చదగినది కాదు, దానికీ మాస్కు తప్పదు.

ఆటోనగర్ పెయింటర్ (విజయవాడ)

రెక్కలు72 గారు చెప్పినవన్నీ సరైనవే. అయితే సీసా కోసం వారాల తరబడి ఎదురుచూసే వారికి మరో దారి ఉంది. నేను ఇరవై రెండేళ్లుగా ఆటోనగర్‌లో కార్లకు డెంటింగ్, పెయింటింగ్ చేస్తున్నాను, తీరిక దొరికినప్పుడు 1/24 కొలత కార్ల కిట్లు చేస్తాను. మా వృత్తిలో ఎన్‌సీ ప్రైమర్ సర్ఫేసర్ అనేది ఏ ఊళ్లోనైనా ఆటో పెయింట్ల దుకాణంలో దొరుకుతుంది. నైట్రోసెల్యులోజ్‌తో చేసిన ఈ ప్రైమర్, మీరు జపాను నుంచి తెప్పించే ల్యాకర్‌కు దూరపు చుట్టమే. నా కార్లన్నిటికీ అదే వాడతాను.

వాడే పద్ధతి మాత్రం మారాలి. డబ్బా అడుగున రంగుపొడి గట్టిగా పేరుకొని ఉంటుంది, దాన్ని కర్రతో అడుగుదాకా కలిపి, పలుచని నైలాన్ గుడ్డలో వడగట్టండి. వడగట్టకపోతే మీ 0.3 నాజిల్ మొదటి నిమిషంలోనే మూసుకుపోతుంది. థిన్నర్ దగ్గర పొదుపు చేయకండి. విడిగా పోసి అమ్మే చవక థిన్నర్లో ఏమి కలిసిందో పోసేవారికి కూడా తెలియదు. దాన్ని స్ప్రే తుపాకీ కడగడానికి వాడతాం తప్ప రంగులో కలపం. పేరున్న సంస్థ సీలు వేసిన డబ్బానే కొనండి, వానాకాలంలో దానికి ఎన్‌సీ రిటార్డర్ కొద్దిగా కలపండి. మేము కారు బానెట్ తెల్లబారకుండా చేసేది కూడా అదే.

మొదటి పూత దుమ్ము పడినట్టు మాత్రమే పడాలి, ప్లాస్టిక్ తడవకూడదు. పది నిమిషాలు ఆగి మరో దుమ్ము పూత. ఆ రెండూ ఆరిన తరువాత వాటిమీద కొంచెం తడిగా కొట్టవచ్చు, అప్పటికి ప్లాస్టిక్‌కు ఒక అడ్డు ఏర్పడి ఉంటుంది. రాత్రంతా ఆరనిచ్చి, మరుసటి రోజు 1500 నంబరు వాటర్ పేపరును నీళ్లలో నానబెట్టి చేతిబరువు వేయకుండా రుద్దితే పాలరాయిలా వస్తుంది.

దుకాణంలో అడిగేటప్పుడు "ప్రైమర్" అని మాత్రమే అంటే గోడల ప్రైమరో, ఇనుప కిటికీలకు వేసే రెడ్ ఆక్సైడో చేతిలో పెడతారు. గోడ ప్రైమర్ ప్లాస్టిక్‌కు అంటదు. రెడ్ ఆక్సైడ్ నూనె రకం, ఒకరోజు దాటినా పచ్చిగానే ఉంటుంది, చిక్కగా ఉండి చిన్న వివరాలను ముంచేస్తుంది. "ఎన్‌సీ సర్ఫేసర్, బూడిదరంగు" అని స్పష్టంగా అడగండి. ఇంకొక మాట గట్టిగా చెబుతున్నాను. ఇప్పుడు మా షాపుల్లో ఎక్కువగా వాడేది హార్డెనర్ (గట్టిపరిచే ద్రవం) కలిపే పీయూ (పాలీయురెథేన్) ప్రైమర్. ఎంత నున్నగా వస్తుందని ఎవరు చెప్పినా దాన్ని ఇంటికి తీసుకువెళ్లవద్దు. ఆ హార్డెనర్లో ఐసోసయనేట్లు ఉంటాయి, అవి ఊపిరితిత్తులకు ఎక్కితే జీవితాంతం ఉబ్బసంతో బాధపడవలసి రావచ్చు. నా తోటి పెయింటర్లలో అలాంటివారిని చూశాను కాబట్టే ఇంతగా చెబుతున్నాను.

చిన్నకొలత (గుంటూరు)

ఆటోనగర్ పెయింటర్ గారి అనుభవం మీద నాకు గౌరవం ఉంది, 1/24 కారుకు వారి పద్ధతి చక్కగా సరిపోతుందని కూడా ఒప్పుకుంటాను. కానీ సాగరతీరం గారి చేతిలో ఉన్నది 1/72 విమానం. నేను ఎన్‌సీ సర్ఫేసర్‌తో అదే కొలతలో ఒక హంటర్ విమానం చేశాను. సర్ఫేసర్ అంటేనే పల్లాలు పూడ్చడానికి పుట్టిన పదార్థం. అది కారు మీద గీతలను ఎలా పూడుస్తుందో, నా విమానం మీద ప్యానెల్ గీతలను కూడా అలాగే పూడ్చింది. మళ్లీ సూదితో గీసుకోవడానికి రెండు ఆదివారాలు పట్టింది. పెద్ద కార్లకు, యుద్ధ ట్యాంకులకు వాడండి, సన్నని గీతలున్న విమానాలకు వద్దు అనేదే నా అభిప్రాయం.

ఏది వాడినా ముందుగా పరీక్ష చేయాలి కదా. ఇదివరకు అందరం వాడిపారేసే ప్లాస్టిక్ చెంచాల మీద కొట్టి చూసేవాళ్లం. 2022 జూలై 1 నుంచి దేశంలో వాటిని నిషేధించారు. దొరికిన పాత చెంచా కూడా ఒక్కోసారి పాలీప్రొపిలీన్‌ది అయి ఉంటుంది, దాని ఫలితం మన కిట్టుకు వర్తించదు. భాగాలు అతికి ఉండే ప్లాస్టిక్ చట్రం అందరి ఇంట్లోనూ ఉంటుంది, అది కిట్టులోని ప్లాస్టికే. దానిమీద ఆ కిట్టు పేరున్న పలక ఒకటి బల్లపరుపుగా ఉంటుంది. పరీక్షకు అంతకన్నా మంచి చోటు లేదు. కొట్టి, ఒకరోజు ఆగి, గోటితో గీకి, టేపు వేసి లాగి చూడండి.

ప్రవాసి48 (డాలస్)

ఇక్కడ ఈ సరుకంతా సులువుగా దొరుకుతుంది కాబట్టి మన దేశంలోని మిత్రులు తరచుగా నన్ను అడుగుతుంటారు: "వచ్చేటప్పుడు రెండు డబ్బాలు తీసుకురండి" అని. సాగరతీరం గారికి కూడా అమెరికాలోనో సింగపూర్‌లోనో బంధువులు ఉండే ఉంటారు, ఆ ఆలోచన వచ్చే ఉంటుంది. దయచేసి వారిని అడగకండి. రంగు స్ప్రే డబ్బాలను చేతి సంచిలోనే కాదు, విమానం అడుగున వేసే పెట్టెలో కూడా అనుమతించరు. ల్యాకర్ ప్రైమర్ సీసా, ల్యాకర్ థిన్నర్ సీసా కూడా మండే ద్రవాలే, అవీ నిషిద్ధమే. బట్టల మధ్య చుట్టి తీసుకువెళ్లిన వారి కథలు విన్నాను, కానీ మూడు వందల మంది ఎక్కిన విమానంలో ఆ పని చేయడం తప్పు.

తీసుకురాగలిగినవి నీటితో పనిచేసే, మండని ప్రైమర్లు మాత్రమే. వాటిలో బ్యాడ్జర్ వారి స్టైనిల్‌రెజ్ నాకు బాగా నచ్చింది. వాయెహో కంటే పట్టు ఎక్కువ అనిపించింది, బాగా ఆరిన తరువాత కొంతవరకు రుద్దడానికీ లొంగుతుంది. ఏమీ కలపకుండానే కొట్టవచ్చునని సంస్థ చెబుతుంది కానీ 0.3 నాజిల్‌తో అయితే ఒత్తిడి కాస్త పెంచవలసి వస్తుంది. సీసా తెచ్చేవారు మూతకు టేపు చుట్టి, రెండు ప్లాస్టిక్ సంచుల్లో పెట్టి, పెద్ద పెట్టెలో వేయాలి. బయలుదేరే ముందు ఆ సీసా భద్రతా పత్రంలో మండే స్వభావం లేదని చూసుకోవడం, తమ విమాన సంస్థ నిబంధనలు చదవడం మంచిది. అయినా లోహపు మెరుపు కోసం మాత్రం నేను కూడా ల్యాకర్ వైపే ఓటు వేస్తాను.

సాగరతీరం (విశాఖపట్నం)

అందరికీ పేరుపేరునా కృతజ్ఞతలు. మూడు వారాల తరువాత మళ్లీ రాస్తున్నాను. ఒక హాబీ దుకాణంలో మిస్టర్ సర్ఫేసర్ 1500 బూడిదరంగు సీసా, లెవెలింగ్ థిన్నర్ దొరికాయి. అది రావడానికి పదకొండు రోజులు పట్టింది. ఈలోగా ఆటోనగర్ పెయింటర్ గారు చెప్పినట్టే ఎన్‌సీ సర్ఫేసర్ పావు లీటరు తెచ్చి, చిన్నకొలత గారు చెప్పినట్టే చట్రం పలకల మీద పక్కపక్కనే కొట్టి చూశాను. దుమ్ము పూతలు వేసినచోట ప్లాస్టిక్‌కు ఏమీ కాలేదు, ఒకేసారి తడిపినచోట మాత్రం పలక మీది అక్షరాల అంచులు మెత్తబడ్డాయి. పట్టులో రెండింటికీ తేడా కనబడలేదు. కానీ పలక మీద సూదితో గీసిన సన్నని గీత ఎన్‌సీ కింద సగం మాయమైంది, 1500 కింద చెక్కుచెదరలేదు. ఇద్దరు చెప్పిందీ నిజమేనని నా కళ్లతో చూశాను. ఎన్‌సీ డబ్బాను పాప కోసం చేయబోయే ఒక పెద్ద లారీ కిట్టుకు దాచాను.

తేమ విషయంలో ఒక పద్ధతి కుదిరింది. భాగాలను ముందురోజు రాత్రి నుంచి సిలికా జెల్ పొట్లాలు వేసిన మూత డబ్బాలో ఉంచి, వాన లేని రోజు ఎండ బాగా ఎక్కిన తరువాత, గాలి నేరుగా తగలకుండా మూడు వైపులా అట్టపెట్టె అడ్డుపెట్టి బాల్కనీలో కొట్టి, ద్రావకం ఆవిరయ్యేవరకు అక్కడే ఉంచాను. తెల్లమచ్చ ఒక్కటి కూడా రాలేదు. ప్రైమర్ పడ్డాక అతుకు దగ్గర ఇంతవరకు కంటికి కనబడని గీత ఒకటి బయటపడింది, దాన్ని సరిచేస్తున్నాను.

ఇప్పుడు రెండు సందేహాలు. అల్యూమినియం రంగు కింద బూడిదరంగు ప్రైమర్ చాలా, నలుపు కావాలా? కాక్‌పిట్ మూత పారదర్శకంగా ఉంది కదా, దానికి కూడా ప్రైమర్ వేయాలా?

రెక్కలు72 (హైదరాబాదు)

చాలా సంతోషం. మీరు పక్కపక్కన పెట్టి చూసిన ఆ పలక ఫొటో వీలైతే ఇక్కడ ఉంచండి, కొత్తవారికి మా మాటల కంటే అదే ఎక్కువ పనికివస్తుంది.

లోహపు రంగు విషయంలో కింది పూత రంగు కంటే నునుపు ముఖ్యం. మామూలు ముదురాకుపచ్చ రంగు అయితే ప్రైమర్ మీది చిన్న గరుకును దాచేస్తుంది, వెండిరంగు ప్రతి గీతనూ ప్రతి దుమ్ము రేణువునూ రెట్టింపు చేసి చూపిస్తుంది. కాబట్టి మీ బూడిదరంగు పూతను మరో రెండు రోజులు ఆరనిచ్చి, 2000 నంబరు వాటర్ పేపరుతో నీళ్లలో తేలికగా రుద్ది, అంచుల దగ్గర పూత చిరిగి ప్లాస్టిక్ బయటపడకుండా చూసుకోండి. ఎక్కడైనా బయటపడితే అక్కడ మళ్లీ పలుచగా కొట్టండి. ఆల్‌క్లాడ్ లాంటి లోహపు ల్యాకర్లలో బాగా మెరిసే రకాలు ఒట్టి పాలీస్టైరీన్ మీద పడితే సన్నటి పగుళ్లు తెస్తాయి, ప్రైమర్ అక్కడ కవచంగా పనిచేస్తుంది.

దాని మీద మెరిసే నలుపు వేయాలా అనేది మీకు ఎటువంటి విమానం కావాలో దానిమీద ఆధారపడుతుంది. మెరిసే నలుపు మీద వెండిరంగు అద్దంలా వస్తుంది. కానీ ఎండలో, వానలో పనిచేసిన మిగ్ అద్దంలా మెరవదు, కాస్త మసకబారిన అల్యూమినియం గిన్నెలా ఉంటుంది. అందుకని నేనైతే విమానమంతటికీ ఈ బూడిదరంగు మీదే వెండిరంగు వేసి, కొన్ని ప్యానెళ్లకు మాత్రమే టేపు వేసి కింద మెరిసే నలుపు కొడతాను. అప్పుడు ఒకే సీసా రంగుతో రెండు మూడు ఛాయలు వస్తాయి, రేకులు అతికించిన నిజమైన విమానంలా కనబడుతుంది. తోక గొట్టం దగ్గర వేడికి మారిన లోహం కోసం కూడా నలుపే మేలు.

కాక్‌పిట్ మూత విషయంలో వరుస ముఖ్యం. అద్దం భాగానికి మాస్కింగ్ టేపు వేసి, మూత చట్రం మీద ముందుగా కాక్‌పిట్ లోపలి రంగు కొట్టండి, ఎందుకంటే లోపలి నుంచి చూసినప్పుడు కనబడేది ఆ మొదటి పూతే. మిగ్‌కు అది నీలం ఆకుపచ్చ కలిసిన రంగు. ఆ తరువాతే బూడిదరంగు ప్రైమర్, దాని మీద వెండి. మూత మీద పూతలు ఎంత పలుచగా ఉంటే అంత మంచిది, తడి పూత వేస్తే టేపు అంచు కిందికి జారి అద్దం మసకబారుతుంది. కిట్టులో ఇత్తడి రేకు భాగాలు ఏమైనా ఉంటే వాటికి ఇదే 1500 సరిపోతుంది, ముందు స్పిరిట్‌తో తుడవండి.

ఆటోనగర్ పెయింటర్ (విజయవాడ)

సాగరతీరం గారూ, మిగిలిన ఎన్‌సీ డబ్బా గురించి ఒక జాగ్రత్త. మూత అంచున అంటిన ప్రైమర్‌ను గుడ్డతో తుడిచి గట్టిగా మూయకపోతే రెండు నెలల్లో లోపల గడ్డకడుతుంది. ఎండ పడే బాల్కనీలోగానీ, కారు డిక్కీలోగానీ ఉంచకండి. స్ప్రే డబ్బాల మీద 50 డిగ్రీలు దాటనివ్వవద్దని రాసి ఉంటుంది, మన వేసవిలో మూసిన కారు లోపల ఆ వేడి దాటడానికి ఎంతోసేపు పట్టదు. వంటగదికి దూరంగా, పాపకు అందనంత ఎత్తులో పెట్టండి. వెండిరంగు కొట్టే ముందు నేల మీద నీళ్లు చల్లి తుడవండి, దుమ్ము లేవదు. మా షాపులో మెటాలిక్ రంగు వేసే రోజు ముందుగా చేసే పని అదే.

సాగరతీరం (విశాఖపట్నం)

నేల తడపడం నాకు తట్టనే లేదు. ఆదివారం ఉదయం రెక్క అడుగుభాగం మీద మొదటి వెండి పూత వేయబోతున్నాను, అది ఎలా వచ్చినా పలక ఫొటోతో పాటు ఇక్కడే ఉంచుతాను. నాన్నగారికి ఇంకా చెప్పలేదు, బాల్కనీలో ఆ అట్టపెట్టె ఎందుకని మాత్రం రెండుసార్లు అడిగారు.